తెరకు ఈపు

మా అమ్మ బాలనర్సమ్మ
పద్దెనిమిదేండ్లు సినిమా హాల్ల పని చేసింది
ఒక్క సినిమా సూడలే.

కాచిగూడ స్టేషన్ దిక్కు పోయే సడక్ మీద
నూర్‌మహల్ టాకీస్.
ముంగట రెండు సున్నపు గుమ్మటాలు,
వాటి సందుల్ల పావురాల కాపురాలు,
మెట్ల మీద ఎవలో నవాబు పరిపించిన తివాచీ.
ఎరుపు అంచులకే మిగిలింది,
నడిమధ్యల జనం తొక్కి తొక్కి గోనె రంగు.

జనానా క్లాసు మేడ మీద ఎడమ పక్కకు.
దానికో మందపు పరదా.
లైట్లు ఆరినంక అమ్మ తాడు గుంజేది,
లైట్లు ఎలిగేముందు మళ్ల ఇడిచేది.
ఆ నడుమ రెండున్నర గంటలు
ముసుగులు లేసేటివి, కొంగులు జారేటివి,
చెప్పులు ఇడిచి
ముంగటి కుర్చీ మీద కాళ్లు సాపుకునేటోళ్లు,
ఇంట్ల ఏ కుర్చీ మీద కూసోనోళ్లు.

అమ్మ స్టూలు తెరకు ఈపు పెట్టి ఉండేది.
మేనేజర్ హుకుం:
"సినిమా సూడనీకి కాదు నీకు జీతం
జనాన్ని సూడనీకి."
సూసింది.

రాత్రి సల్లన్నం ముందట కూసొని
మొఖాల నుంచి కథ తీసి నాకు చెప్పేది.
"ఇంటర్వెల్ కంటే ముందు ఎవలో సచ్చిండ్రు బిడ్డా,
గాజుల దుకాణం ఖైరున్నిసా దస్తీ తడిసింది.
ఆకరికి సచ్చినోడే మళ్లొచ్చినట్టున్నడు,
అదే తడి దస్తీ నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది."

నేను నేల టికెట్ల సూసొచ్చినోణ్ణి.
కాదమ్మా, సచ్చింది అన్న, వచ్చింది తమ్ముడు
అంటే
"గట్లనా" అని మజ్జిగ పోసేది.
ఆమె చెప్పిన సినిమానే మంచిగుండేది.

రెండు టాకీసులకు ఒక్కటే ప్రింటు ఆ రోజుల్ల.
చిక్కడపల్లి నుంచి రీలు డబ్బా
సైకిల్ క్యారేజి మీద రావాలె.
ఒకనాడు రాలే.
చైన్ తెగిందో, గేటు పడ్డదో.
కింద ఈలలు, బెంచీల మీద దరువు,
ఆపరేటర్ యూసుఫుద్దీన్‌ను వాని ఏడు తరాలతోని కలిపి తిట్టుడు.
మీద జనానాల మాత్రం చీకటి, పల్లీల పొట్టు సప్పుడు.
అండ్ల నుంచి ఒక గొంతు,
ఎవలతోని కాదు,
"నాకు ఇంటికి పోబుద్ధి అయితలేదు."

ఎవ్వలు మాట్లాడలే.
అమ్మ చేతిల మూడు సెల్లుల టార్చి
నేల మీదనే ఉన్నది.

రీలొచ్చింది. పాటొచ్చింది.
ఆ ఒక్క మనిషి మ్యాట్నీ నుంచి సెకండ్ షో దాక
అదే కుర్చీల కూసున్నది.
మేనేజర్ అడిగితే అమ్మ
"మధ్యల రీలు సూడలేదట సార్, మళ్ల సూస్తదట" అన్నది.
మూడో ఆట కాడ సగం రొట్టె ఇచ్చింది.
పేరు అడగలే.

నూర్‌మహల్ మూసేసే వారంల
యూసుఫుద్దీన్ ముసలోడు కబురు పెట్టిండు.
"బెహన్, ఒక్కసారి సీదా కూసో."
పోయినం. పరదా లేదు, తాడు లేదు,
ఊడిన కొక్కెం ఒకటి గోడకు.
మొత్తం పదకొండు మంది,
గుమ్మటం పగులుల నుంచి వాన.
అమ్మ పైట సర్దుకొని తెర దిక్కు కూసున్నది.
పది నిమిషాలకు
"మెడ గుంజుతున్నది" అన్నది.
ఇంకో పది నిమిషాలకు
కుర్చీల అడ్డం తిరిగి
ఈపు తెరకు పెట్టింది.
నాకు సిగ్గయింది, ఎవలన్న సూస్తరని.
తర్వాత సినిమాల పడి మర్సిపోయిన.

ఇంటికొచ్చేసరికి గల్లీల కరెంటు లేదు.
ఎట్లున్నదమ్మా అన్న.
"మంచిగనే ఉన్నది.
నువ్వు రెండుసార్లు ఏడ్సినవ్.
రెండోసారి సినిమాకు గాదు."

నేనేం అనలే.
అమ్మ సంచిల కెల్లి టార్చి తీసింది.
నా మొఖం దిక్కు లేపలే.
మెట్టు సూపిచ్చింది,
తర్వాత ఇంకో మెట్టు.